సేవలో ఉన్న ఉపాధ్యాయులకు విద్యా తత్వశాస్త్రం: పాలమూరు నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ సంఘాలలో ‘పంతులుగారు’ అనే మాట చాలాకాలం రెండు పనులకు చెల్లింది. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించినవారు, సాయంకాలం ప్రార్థన నడిపించినవారు అనేక పల్లెలలో ఒక్కరే. మెన్నొనైట్ బ్రెదరన్ మిషను పనిచేసిన వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల ప్రాంతాలలో కూడా సువార్త పని, బడి పని చెట్టపట్టాలేసుకుని నడిచాయి. కాలక్రమేణా ఆ రెండు పనులు వేరయ్యాయి. కాపరి వేదాంత కళాశాలకు వెళ్ళాడు, ఉపాధ్యాయుడు బి.ఎడ్. కళాశాలకు వెళ్ళాడు. ఒకే బల్ల మీద కూర్చున్నవారు ఒకరి చదువు గురించి మరొకరు అడగడం మానుకున్నారు.

అందువలన విశ్వవిద్యాలయాలు తమ ఆవరణ వెలుపల, పనిచేస్తున్న ఉపాధ్యాయులకు విద్యా తత్వశాస్త్రాన్ని ఎలా బోధిస్తున్నాయనే విషయం వేదాంత పత్రికకు సంబంధం లేనిదిగా కనిపించవచ్చు. మా అభిప్రాయం వేరు. మన సంఘాలలో ఉపాధ్యాయులు ఉన్నారు. మన పిల్లలు వారి యెదుట కూర్చుంటున్నారు. పైగా ఇదే పద్ధతిని వేదాంత విద్యలో మనమూ అనుసరించాము. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒక్కటే: కోర్సు ఉపాధ్యాయుని ఊరికి రావడం న్యాయం, అయితే అతని ఊరి ప్రశ్నలు కోర్సులోనికి రాకపోతే ఆ న్యాయం సగమే.

1. దూరాన్ని తగ్గించిన ఏర్పాటు

ముందుగా ఈ పద్ధతిలోని మేలును గుర్తించాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో 55 శాతం మాత్రమే. రాష్ట్రంలో అదే అట్టడుగు. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా నుండి జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలయ్యాయి. పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో గాని ఏర్పడలేదు. అంతవరకు ఉన్నత విద్య అంటే చాలామందికి హైదరాబాదు ప్రయాణమే. గద్వాల ఉపాధ్యాయుడు బడికి సెలవు పెట్టి, ఇంటిని వదలి, జీతం పోగొట్టుకొని చదవాలంటే అది అయ్యే పని కాదు. ఉపాధ్యాయురాలి విషయమైతే చెప్పనవసరం లేదు.

1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దూరవిద్యలో బి.ఎడ్. వంటి కోర్సులు, స్థానిక అధ్యయన కేంద్రాలు, సంపర్క తరగతులు ఈ మార్గంలోనే సాధ్యమయ్యాయి. ఉద్యోగం చేసుకుంటూ చదువుకోగలిగిన మొదటి తరం ఉపాధ్యాయులకు ఇది నిజమైన ద్వారం. ‘అది దూరవిద్య డిగ్రీయే కదా’ అని చులకన చేసే మాటను మేము అంగీకరించము. తిరిగి చదవడానికి వీలులేనివారికి వీలు కల్పించడం విద్యలో చిన్న పని కాదు.

లేఖనములో కూడా దీనికి సాదృశ్యముంది. ఎఫెసులో సమాజమందిరం తలుపు మూసుకున్నప్పుడు పౌలు తురన్ను పాఠశాలకు మారి, రెండేండ్లపాటు ప్రతిదినము తర్కిస్తూ వచ్చాడు (అపొ.కా. 19:9-10). డేరాలు కుట్టి బ్రతికిన అకుల ప్రిస్కిల్లలు, విద్వాంసుడైన అపొల్లోను చేర్చుకొని మరింత పూర్తిగా వివరించారు (అపొ.కా. 18:26). ఆవరణ వెలుపలి విద్య సంఘానికి కొత్త కాదు. కాని ఆ రెండు సందర్భాలలోనూ జరిగినది పుస్తకం పంపడం కాదు, ముఖాముఖి చర్చ.

2. వాదాల పట్టిక

విద్యా తత్వశాస్త్రం ఉపాధ్యాయ విద్యలో సాధారణంగా ఎలా కనిపిస్తుంది? భావవాదం, ప్రకృతివాదం, వాస్తవికవాదం, వ్యవహారికసత్తావాదం అని వరుసగా నాలుగైదు వాదాలు. ఒక్కొక్కదానికి నిర్వచనం, విద్యా లక్ష్యాలు, పాఠ్యప్రణాళిక, బోధనా పద్ధతి, ఉపాధ్యాయుని పాత్ర, క్రమశిక్షణ. తరువాత ప్లేటో, రూసో, డ్యూయీ, గాంధీ, టాగూరు, అరవిందుల పేరిట తలా ఒక పాఠం. చివర మీ ప్రగతిని సరిచూసుకోండి అంటూ ప్రశ్నలు, వెనుక పేజీలో జవాబులు. ఒంటరిగా చదివేవారికి ఈ క్రమం ఉపకరిస్తుందన్న మాట నిజం. అయితే తత్వశాస్త్రం పట్టికగా మారినప్పుడు అది తత్వశాస్త్రంగా మిగలదు. ప్రశ్నకు ముందే జవాబు సిద్ధంగా ఉంటే ఆలోచన ఎక్కడ మొదలవుతుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. రూసో 1762లో ‘ఎమిలీ’ ప్రచురించాడు. బిడ్డను సంఘపు కృత్రిమత్వం నుండి దూరంగా, ప్రకృతి క్రమంలో పెంచాలన్నది అందులోని ప్రధాన భావం. పరీక్షకు ఇంతవరకు చాలు. కాని గద్వాల చుట్టుపక్కల సంకర పత్తి విత్తనాల పొలాలున్నాయి. పూలకు చేతితో పరాగసంపర్కం చేసే ‘క్రాసింగ్’ పనికి పిల్లలను, ముఖ్యంగా బాలికలను పెట్టడం 2000 ప్రాంతంలో దేశమంతటా చర్చకు వచ్చింది. బడి మాని పొద్దున్నే పొలంలో నిలబడిన ఆడపిల్లకు ప్రకృతి పాఠశాల కాదు, పనిస్థలం. రూసో ఊహించిన బిడ్డకు తీరిక ఉంది, తనకంటూ ఒక గురువు ఉన్నాడు. ఈ తేడాను చూచిన ఉపాధ్యాయునికి రూసో నిజంగా అర్థమవుతాడు. చూడనివానికి పది మార్కులు వస్తాయి.

గాంధీగారి ‘నయీ తాలీమ్’ సంగతీ అంతే. 1937 వార్ధా సమావేశంలో ముందుకు వచ్చిన ఆ ప్రణాళిక చేతిపనిని చదువుకు కేంద్రం చేసింది. గద్వాల చీరలు నేసే ఇంట్లో పుట్టిన పిల్లవాడు మగ్గం దగ్గర కూర్చుంటే అది విద్యా, బాలకార్మికత్వమా? చేతిపనిలో లెక్క, సౌందర్యం, ఓర్పు ఉన్నాయి. అప్పు, మధ్యవర్తి, అలసిన కళ్ళు కూడా ఉన్నాయి. ఈ ప్రశ్నకు వెనుక పేజీలో జవాబు ఉండదు. అందుకే ఇది తత్వశాస్త్రానికి తగిన ప్రశ్న.

3. డ్యూయీ, అంబేడ్కరు, పాలమూరు బడి

అంబేడ్కర్ 1913 నుండి 1916 వరకు కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ జాన్ డ్యూయీ ఆయనకు గురువు. డ్యూయీ ‘ప్రజాస్వామ్యము, విద్య’ అనే గ్రంథం 1916లో వెలువడింది. ప్రజాస్వామ్యం కేవలం పరిపాలనా విధానం కాదని, కలిసి జీవించే పద్ధతి అని అందులో డ్యూయీ వాదించాడు. 1936 నాటి ‘కుల నిర్మూలన’లో అంబేడ్కర్ ఈ భావాన్ని కులసమాజం మీద ప్రయోగించి, డ్యూయీ పట్ల తన ఋణాన్ని బాహాటంగా చెప్పారు. అమెరికా తరగతి గదిలో పుట్టిన ఆలోచన మన దేశపు గోడల మీద పరీక్షకు నిలిచిన తీరు ఇది. వ్యవహారికసత్తావాదం అనే పాఠంలో అంబేడ్కర్ పేరు లేకపోతే, ఆ పాఠం మన ఉపాధ్యాయునికి సగం దారిలోనే ఆగిపోయినట్లు.

కలిసి జీవించడమంటే ఏమిటో పాలమూరు బడిలో చూడవచ్చు. మధ్యాహ్న భోజనం ఎవరు వండుతున్నారు, ఎవరు తినకుండా ఇంటికి వెళుతున్నారు? ‘పాలమూరు లేబర్’గా పేరుబడ్డ తల్లిదండ్రులు వలస వెళ్ళినప్పుడు పిల్లవాని పేరు హాజరుపట్టీలో ఏమవుతుంది? నడిగడ్డ మాటలతో, సరిహద్దు ఊళ్ళలో కన్నడం కలిసిన మాటలతో బడికి వచ్చిన పిల్లను మొదటి రోజే ‘తప్పు తెలుగు’ అని సరిదిద్దితే ఆమెకు ఏమి నేర్పినట్లు? దేవదాసీ, జోగినీ దురాచారాన్ని నిషేధించే చట్టం 1988లో వచ్చింది. కాని జోగిని బిడ్డ ప్రవేశపత్రం దగ్గర తండ్రి పేరు అడిగిన క్షణంలో, బడి ఎవరి పక్షమో తేలిపోతుంది. నల్లమల చెంచు బిడ్డ అడవి గురించి తెలిసినంత తన ఉపాధ్యాయునికి తెలియదు. మరి ఆ గదిలో అజ్ఞాని ఎవరు?

ఈ ప్రశ్నలను ఎదుర్కొంటున్నది విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు, సేవలో ఉన్న ఉపాధ్యాయుడు. కనుక ఆవరణ వెలుపలి కోర్సులో చదివే వ్యక్తి దగ్గరే సగం పాఠ్యాంశం ఉంది. అతనిని కేవలం స్వీకర్తగా చూచే కోర్సు తన గొప్ప వనరును తానే వదులుకుంటున్నది.

4. మన సొంత అద్దం

ఈ విమర్శ చేసే హక్కు వేదాంత కళాశాలలకు ఊరకే రాదు. 1963లో గ్వాటెమాలా ప్రెస్బిటేరియన్ సెమినరీలో విస్తరణ వేదాంత విద్య మొదలైంది. పల్లెల్లో అప్పటికే సంఘాలను నడిపిస్తున్న నాయకులు ఇల్లూ పనీ వదలి సెమినరీకి రాలేరు గనుక సెమినరీయే వారి దగ్గరకు వెళ్ళాలన్నది రాల్ఫ్ వింటర్, జేమ్స్ ఎమెరీ, రాస్ కిన్‌స్లర్‌ల ఆలోచన. మన దేశంలో 1971 నుండి బెంగుళూరు కేంద్రంగా ‘టాఫ్టీ’ ఈ పనిని చేపట్టింది. టెడ్ వార్డ్ అనే విద్యావేత్త దీనిని కంచెతో పోల్చాడు: ఒక అడ్డకర్ర పుస్తక జ్ఞానం, రెండవది పరిచర్య అనుభవం, ఆ రెంటినీ కలిపి నిలబెట్టే గుంజలు క్రమంగా జరిగే గోష్ఠులు.

గుంజలు లేకపోతే కర్రలు నేల మీద పడి ఉంటాయి. విస్తరణ విద్య బలహీనపడిన చోట్ల జరిగినది ఇదే. ఖాళీలు పూరించే పాఠ్యపుస్తకం మిగిలింది, గోష్ఠి సన్నగిల్లింది, సర్టిఫికెట్టు గోడకెక్కింది. ఉపాధ్యాయ విద్యలోనూ ఇదే ప్రమాదం. 2017లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, శిక్షణ లేని ఉపాధ్యాయులందరూ 2019 మార్చి 31లోగా అర్హత పొందాలని గడువు పెట్టారు. గడువు అర్హతను పుట్టించగలదు, ఆలోచనను పుట్టించలేదు.

షంషాబాదులో జన్మించి, ఈ ప్రాంతంలో మిషనరీగా పనిచేసి, తరువాత మానవశాస్త్రవేత్తగా పేరుపొందిన పాల్ హీబర్ట్ మనకు ఇక్కడ సహాయపడతాడు. పాలమూరు జిల్లాలోని ఒక పల్లెను గూర్చి ఆయన వ్రాసిన ‘కొండూరు’ 1971లో వెలువడింది. పాత ఆచారాన్ని గ్రుడ్డిగా త్రోసివేయక, గ్రుడ్డిగా అంగీకరింపక, ముందు దానిని అర్థం చేసుకొని, సంఘమంతా కలిసి వాక్యపు వెలుగులో పరీక్షించాలని ఆయన తరువాతి రచనలలో ప్రతిపాదించాడు. ఈ క్రమం విద్యా తత్వశాస్త్రానికీ పనికివస్తుంది. ముందు బడిలో జరుగుతున్నదాన్ని చూడాలి, తరువాత డ్యూయీనో గాంధీనో చదవాలి, ఆ తరువాత ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాలి.

5. ఒక అభ్యంతరము, ఒక ఇబ్బంది

తత్వశాస్త్రానికి తీరిక, గ్రంథాలయం, గురుసాన్నిధ్యం కావాలి, అలసిపోయిన ఉపాధ్యాయునికి అది ఎలా అబ్బుతుందని కొందరు అడుగుతారు. ఈ అభ్యంతరంలో బలముంది. బడి, ఇల్లు, ఎన్నికల విధులు, జనగణన పనుల మధ్య ఎవరికైనా ఏకాగ్రత కష్టమే. అయితే దీనికి సమాధానం తత్వశాస్త్రాన్ని పలుచన చేయడం కాదు, పాఠాల సంఖ్య తగ్గించడం. పది వాదాల పేర్లకంటే ఒక గ్రంథంలోని ఒక అధ్యాయాన్ని పదిమంది కలిసి చదవడం మేలు.

రెండవది కాపరులను నేరుగా తాకే ఇబ్బంది. ఉద్యోగస్థుల సంపర్క తరగతులు సాధారణంగా ఆదివారాలలో, సెలవు దినాలలో జరుగుతాయి. ఆరాధనకు రాని ఉపాధ్యాయురాలిని ‘విశ్వాసంలో చల్లబడింది’ అనడం సులభం. వారమంతా ఇతరుల పిల్లలకు తన్నుతాను ఖర్చు చేసుకొని, ఒక్క ఖాళీ దినాన తిరిగి విద్యార్థినిగా కూర్చున్న స్త్రీ మీద ఆ మాట పడితే సంఘం ఆమెను శాశ్వతంగా పోగొట్టుకోవచ్చు. విశ్రాంతిదినము మనుష్యుని కొరకు నియమింపబడినదని ప్రభువు బోధించాడు (మార్కు 2:27). అట్లని ఆరాధన ఐచ్ఛికమని మేము చెప్పడం లేదు. ప్రాతఃకాల ఆరాధనో శనివారపు సాయంకాల సహవాసమో ఏర్పరచడం కాపరి చేతిలో ఉన్న పని. తరగతుల దినాలను మార్చమని అధ్యయన కేంద్రాలను మర్యాదగా కోరడం సంఘ పెద్దలు చేయగల పని.

6. కొన్ని సూచనలు

మొదటిది, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాలలో సంఘాలు తమ హాలును నెలకొకసారి ఉపాధ్యాయుల చదువరి బృందానికి ఇవ్వాలి. అది క్రైస్తవ ఉపాధ్యాయులకు మాత్రమే పరిమితం కాకూడదు. సువార్త కరపత్రం పంచే సమయంగా దానిని వాడుకోకూడదు. రెండవది, ఆ బృందంలో ప్రతి ఉపాధ్యాయుడు తన తరగతిలో ఎదురైన ఒక చిక్కును పిల్లల పేర్లు లేకుండా వ్రాసి తేవాలి. ఆ చిక్కుతోనే చర్చ మొదలవ్వాలి. మూడవది, విశ్వవిద్యాలయాలు ఆ వ్రాతకు మూల్యాంకనంలో గణనీయమైన పాలు ఇవ్వాలి. జిరాక్సు దుకాణంలో కొన్న నోట్సుతో దానిని నింపడం అంత తేలిక కాదు. నాలుగవది, వేదాంత విద్యార్థులు క్షేత్రపరిచర్యలో ఉన్నప్పుడు ఊరి బడి ఉపాధ్యాయునితో కూర్చొని మాట్లాడడం తమ పనిలో భాగంగా ఎంచాలి. ప్రసంగం వినేవారి పిల్లలు ఏమి నేర్చుకుంటున్నారో తెలియని కాపరి సగం మందనే ఎరుగుదును అనుకోవాలి.

ముగింపు

బోధకులకు మరింత కఠినమైన తీర్పు ఉన్నదని యాకోబు హెచ్చరించాడు (యాకోబు 3:1). ఆ మాట ప్రసంగ వేదికకే కాదు, నల్లబల్ల ముందు నిలబడినవారికీ వర్తిస్తుంది. అంత బాధ్యత మోస్తున్నవారికి నాలుగు వాదాలు, పది నిర్వచనాలు ఇచ్చి పంపడం వారిని గౌరవించడం కాదు. అట్లని ఆవరణ వెలుపలి కోర్సును మూసివేయమనడం పేద ఉపాధ్యాయుని యెదుట తలుపు వేయడమే. తలుపు తెరిచే ఉండాలి. ఆ తలుపు గుండా పుస్తకం ఊరిలోనికి వచ్చినట్లే, పత్తి చేనులోని బాలిక, వలస వెళ్ళిన పిల్లవాడు, తండ్రి పేరు లేని బిడ్డ విశ్వవిద్యాలయపు పాఠంలోనికి వెళ్ళాలి. వారిని అక్కడికి తీసుకొని పోగలవారు ఉపాధ్యాయులే. వారికి తోడుగా నడవడం కాపరుల వంతు.