రెండు సెల్లుల ప్రాణం

ఏడవాలంటే పేరు పెట్టి ఏడవాలి. మా పాతపాళ్య పక్క ఏ ఇంట్లో పీనుగ లేస్తే అవ్వలు గుండెలు బాదుకొంటా పోయినవాళ్ళ గుణాలన్నీ పిలిచి పిలిచి ఏడుస్తారు. నిన్ను ఏ పేరుతో పిలవను? పాక్‌మన్ అందామంటే ఆ ఆట పేరు బందాయ్ నామ్‌కో కంపెనీ సొత్తు. 1980లో తోరు ఇవతాని అనే ఇరవయ్యైదేళ్ళ జపాను కుర్రవాడు ఆ పసుపు నోటిని పుట్టించాడు; దానికి పుట్టినరోజులున్నాయి, పుస్తకాలున్నాయి. నువ్వు దాని నకలువి. ఎవడో రాత్రిళ్ళు కూర్చొని, కంటికి కనిపించిన నడకను బట్టి నిన్ను మళ్ళీ రాసి, ఊరికే పంచిపెట్టాడు. పసుపు కూడా నోచుకోని నోరా, పేరు లేని ఆకలీ, నీకోసం శోకం పెట్టేదెవరే?

మార్గశిరం చలిలో మా అవ్వ వాకిట్లో చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీతను తిప్పి తిప్పి, ఏ చుక్కా ఒంటరి కాకుండా ముగ్గు ముగించేది. నీ లోకం ఆ ముగ్గును తిరగేసినట్టుండేది. గీతలు ముందే గోడలై నిలిచాయి. వాటి మధ్య చుక్కలు వెలిగాయి. వాటినొక్కొక్కటే మింగుతూ నడిచావు నువ్వు. అసలు ఆటలో 240 చిన్న చుక్కలు, నాలుగు పెద్దవి. అవ్వ నింపుకొంటూ పోయిన వాకిలిని నువ్వు ఖాళీ చేసుకొంటూ పోయావు, ఖాళీ అయితేనే గెలుపన్నావు.

నీ ఇల్లు పామ్ పైలట్. 1996లో వచ్చిన అరచేతి యంత్రం. జెఫ్ హాకిన్స్ దాన్ని తయారు చేయకముందే అదే కొలతకు చెక్కముక్క ఒకటి మలిచి, చొక్కా జేబులో పెట్టుకొని తిరిగాడని చెబుతారు. తెర అడ్డం 160, నిలువు 160 పిక్సెళ్ళు. అసలు చిక్కుదారేమో 28 గళ్ళ అడ్డం, 31 గళ్ళ నిలువు, గడికి ఎనిమిది పిక్సెళ్ళు. ఆ కోట ఈ జేబులో పట్టదు. గడిని అయిదు పిక్సెళ్ళకు నలిపితే నిలువు 155కి దిగుతుంది. మార్కులు చూపడానికి పక్కన ఇరవై పిక్సెళ్ళ సందు మిగులుతుంది. ఆ సందు కోసం ఎవడో కళ్ళు కాయలు కాచేలా లెక్కలు వేసి ఉంటాడు. కళ అంటే నాకు ఆ సందే గుర్తొస్తుంది, ఎవరేమనుకున్నా సరే.

ఇక నీ శత్రువులు. అసలు ఆటలో నాలుగు దయ్యాలకు నాలుగు రంగులు, నాలుగు బుద్ధులు. ఎర్రది సూటిగా నువ్వున్న గడికే వస్తుంది. గులాబీది నీ నోరు తిరిగిన వైపు నాలుగు గళ్ళ ముందు కాపు కాస్తుంది. నీలిది ఎర్రదాని చోటునూ నీ నడకనూ కలిపి గురి కడుతుంది. నారింజది మీదికి ఉరికి వచ్చి, ఎనిమిది గళ్ళ దూరానికి చేరగానే గుండె జారి తన మూలకు పారిపోతుంది. పైలట్ పెసరపచ్చ తెర మీద ఆ రంగులు ఏవీ? నాలుగూ ఒకటే బూడిద. తరిమేది పగో, పన్నాగమో, పిరికితనమో పోల్చుకోలేకనే పరుగెత్తావు. నిన్ను నడిపిన మీటలు కూడా నీవి కావు. ఒకటి క్యాలెండరుది, ఒకటి చిరునామాలది, ఒకటి చేయాల్సిన పనుల పట్టీది. పని మీటల మీద మేం పని ఎగ్గొట్టాం.

మా పక్కకు రావలసిన యంత్రం వేరే ఉండింది. దాని పేరు సింప్యూటర్. మా బాగేపల్లికి వంద కిలోమీటర్ల దూరంలో, బెంగళూరు ఐఐఎస్సీ అయ్యవార్లు ఎన్‌కోర్ కంపెనీతో కలిసి తలపెట్టిన చేతి కంప్యూటరు. చదువు రానివాళ్ళకు చదివి వినిపించాలని, ఒక్క యంత్రాన్ని ఊరంతా వాడుకొని ఎవరి వివరాలు వాళ్ళ స్మార్ట్ కార్డులో దాచుకోవాలని కలగన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ మాట్లాడే సరిహద్దు గడినాడుకు అంతకంటే తగిన కల ఉంటుందా? 2004లో అమిడా పేరుతో బజారుకొచ్చింది. చేతిలో వంచితే ఆ వంపును పసిగట్టే సెన్సరు అందులో ఉండింది, ఐఫోన్‌కు మూడేళ్ళ ముందే. అమ్మకాలు మాత్రం కొన్ని వేలు దాటలేదు. ఎండిన బోర్ల మధ్య, శనక్కాయ చేల మధ్య దాని గొంతు వినాలని నాకు ఆశ. బెంగళూరు కొలువులకు పోయినోళ్ళ జేబుల్లో మా ఊరికొచ్చింది పామే, సెకండ్ హ్యాండ్‌ది.

అది వచ్చింది గనకనే నువ్వొచ్చావు. వచ్చి, ఎంత తేలికగా పోయావు! ఆ యంత్రంలో డిస్కు లేదు. కరెంటు ఊపిరి ఆడినంతసేపే నిలిచే మెమరీలో నీ కాపురం. సన్న సెల్లు రెండు, అవే నీ ఆయుష్షు. సెల్లు మార్చడానికి ఒక్క నిమిషం గడువు. చెయ్యి వణికితే, కొత్త సెల్లు తిరగబడితే, నీ గోడలు, నీ చుక్కలు, నీ దయ్యాలు ఒక్కసారే మాయం. అసలు ఆటకూ చావుంది: 256వ మెట్టు దగ్గర లెక్క పొంగి తెర కుడిసగం పిచ్చి గీతలవుతుంది. ఆ చావు చూడాలన్నా శూరులు కావాలి. నీ చావుకు అల్మారాలో మరిచిపోవడం చాలు. గుడి బండల మీద పులిజూదం గీతలు ఎవరు చెక్కారో తెలియదు; మూడు పులులకూ పదిహేను మేకలకూ ఏ సెల్లూ అక్కర్లేదు. వాటిని చూసినప్పుడల్లా నీ మీద జాలి, రాతి మీద అసూయ.

2022లో ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు వందలాది పామ్ ప్రోగ్రాములను బ్రౌజరులో మళ్ళీ బతికించారు. మేలు చేశారు, చేతులెత్తి మొక్కుతాను. కానీ అక్కడ మేం కొట్టిన మార్కులు లేవు, ఉండవు. మా చిన్నాయన కొడుకు ఇప్పటికీ ఒప్పుకోడు, పట్టీలో మొదటి స్కోరు తనదేనంటాడు. నాదేనంటాను నేను. సాక్ష్యం సెల్లుతో పాటే పోయింది గనక, పండక్కి కలిసిన ప్రతిసారీ ఆ తగువు మళ్ళీ మొదలే.