ఏ గింజ, ఏ బట్టీ, ఏ పీపా

ఏఎస్ రావు నగర్‌లోనో ఈసీఐఎల్ చౌరస్తాలోనో వైన్స్ కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లు చెప్పేవి రెండే మాటలు: బ్రాండ్ పేరు, సైజు. స్కాచ్ కొనేవాళ్లైతే పన్నెండేళ్లదా పద్దెనిమిదేళ్లదా అని ఇంకో మాట కలుపుతారు. అదే మనిషి ఆదివారం శివార్లలోని తాటివనానికి వెళ్తే ఎన్ని ఆరాలు తీస్తాడో చూడండి. తాటికల్లా, ఈతకల్లా? పోద్దాటిదా, పండుతాటిదా? పొద్దున దించిందా, మాపటిదా? లొట్టి కడిగి కట్టిందేనా? ఆ ప్రశ్నలకు గౌడన్న విసుక్కోడు. చెట్టు మారితే, పూట మారితే రుచి మారుతుందని ఇద్దరికీ తెలుసు. తరతరాలుగా కల్లు దగ్గర చూపిన ఈ వివేచన విస్కీ దగ్గరికి వచ్చేసరికి మాయమైపోతోంది. ఐర్లండ్, స్కాట్లండ్ విస్కీలను కూడా కల్లులాగే ఆరా తీసి ఎంచుకోవాలన్నది ఇక్కడి వాదన. ఏ గింజ, ఏ బట్టీ, ఏ పీపా అని అడగాలి. జవాబులో చాలా భాగం లేబుల్ మీదే దొరుకుతుంది, దొరికేలా ఆ దేశాల చట్టాలు కట్టడి చేశాయి. 1967లో ఈసీఐఎల్‌ను నిలబెట్టిన ఇంజినీరు పేరు పెట్టుకున్న కాలనీ ఏఎస్ రావు నగర్. పరికరం కొనే ముందు దాని వివరాల కాగితం చదివే అలవాటు ఇక్కడి ఇళ్లలో కొత్త కాదు. సీసాకీ ఆ మర్యాద దక్కాలి.

ముందుగా మన షాపుల్లో విస్కీ పేరుతో అమ్ముడయ్యేది ఏమిటో చూద్దాం. చౌక రకాల్లో ఎక్కువ భాగం చక్కెర ఫ్యాక్టరీల మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. దాన్ని ఎత్తయిన బట్టీలో 96 శాతం దాకా శుద్ధి చేస్తారు. ఆ స్థాయికి చేరాక అది చెరకు నుంచి వచ్చిందో జొన్న నుంచి వచ్చిందో ముక్కుకి తెలియదు. తర్వాత రంగు, కాస్త మాల్ట్ స్పిరిట్, కొన్నిట్లో పరిమళాలు కలిపి సీసాకెక్కిస్తారు. ఒక మెట్టు పైనున్న బ్రాండ్లలో మొలాసిస్‌కు బదులు ధాన్యపు స్పిరిట్, దానికి తోడు దిగుమతి చేసుకున్న స్కాచ్ మాల్ట్ కొంత ఉంటాయి. ఆ సంగతి లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. యూరప్ చట్టంలో ధాన్యం నుంచి తీసినదే విస్కీ. మొలాసిస్ సరుకును ఆ పేరుతో అక్కడ అమ్మనివ్వరు. ఇది మన బ్రాండ్లను చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. వాటిని తాగేవాళ్లు సోడాతో, ఐసుతో, కారపు స్టఫ్‌తో తాగడానికి అలవాటుపడ్డారంటే అందులో న్యాయం ఉంది, ఆ పానీయం రుచి చూడమని అడగదు. చిక్కల్లా అదే అలవాటును రుచి చూడమని అడిగే పానీయం మీద కూడా రుద్దడంలో ఉంది.

స్కాచ్‌కి ప్రస్తుతం వర్తించే నిబంధనలు 2009 నాటివి. ధాన్యం, నీరు, ఈస్ట్ తప్ప వేరే ముడిసరుకు ఉండకూడదు. బట్టీ దిగే స్పిరిట్ 94.8 శాతం లోపే ఉండాలి, గింజ వాసన మిగలాలన్నదే ఆ హద్దు ఉద్దేశం. 700 లీటర్లు మించని ఓక్ పీపాల్లో, స్కాట్లండ్ నేల మీదే కనీసం మూడేళ్లు ఉండాలి. చివర్లో కలపడానికి అనుమతి ఉన్నవి రెండే: నీళ్లు, రంగు కోసం మామూలు కారమెల్. అందుకే గ్లాసులో ముదురు రంగు చూసి పాతదని మురిసిపోవడం పొరపాటు. ఈ కట్టడి కింద ఐదు తరగతులున్నాయి గానీ కొనేవాళ్లకి ముఖ్యమైనవి మూడు. సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే, రాగి కుండ బట్టీల్లో దించినది. అలాంటి మాల్ట్‌లు పలుచోట్లవి కలిపితే బ్లెండెడ్ మాల్ట్. మాల్ట్‌కి గోధుమ, మొక్కజొన్న వంటి ధాన్యాల తేలిక విస్కీ కలిపితే బ్లెండెడ్ స్కాచ్. మన షాపుల్లోని స్కాచ్‌లో అత్యధిక భాగం ఈ చివరి తరగతే. రాగి బట్టీ పాత సంప్రదాయపు అలంకారం అనుకోకూడదు. స్పిరిట్‌లోని గంధకపు వాసనను రాగి పట్టేసుకుంటుంది. మెడ పొడుగ్గా ఉన్న బట్టీలో బరువైన ఆవిరి పైకి వెళ్లలేక వెనక్కి జారి, తేలికైనదే దాటుతుంది. పొట్టి బట్టీ నుంచి చిక్కటి, నూనె తగిలే స్పిరిట్ వస్తుంది.

ఐర్లండ్ కథ ఇంతకన్నా ఆసక్తికరం, ఎందుకంటే అక్కడ రుచిని తీర్చిదిద్దింది పన్ను. 1785లో మొలకెత్తించిన బార్లీ మీద పన్ను పడింది. అది పెరిగేకొద్దీ ఐరిష్ బట్టీలవాళ్లు మొలకెత్తని పచ్చి బార్లీని ఎక్కువగా కలపడం మొదలుపెట్టారు. పన్ను తప్పించుకోవడానికి చేసిన ఆ పనిలో ఒక కొత్త రుచి బయటపడింది: నాలుక మీద మీగడలా పరుచుకునే నిండుతనం, వెనకాల మిరియపు ఘాటు. పన్ను పోయినా పద్ధతి నిలిచింది. ఇప్పుడు సింగిల్ పాట్ స్టిల్ అని రాయాలంటే మొలకెత్తిన బార్లీ కనీసం 30 శాతం, మొలకెత్తనిది కనీసం 30 శాతం ఉండాలని నిబంధన. ఐరిష్ అంటే మూడుసార్లు దించినదని చాలామంది చెబుతారు. అది విరివిగా ఉన్న ఆచారమే గానీ చట్టం కాదు. 1830లో ఈనియస్ కాఫీ అనే ఐరిష్ మాజీ ఎక్సైజ్ అధికారి నిరంతరాయంగా నడిచే స్తంభాల బట్టీకి పేటెంట్ తీసుకున్నాడు. డబ్లిన్‌లోని పెద్ద కంపెనీలు అది విస్కీని పలచన చేస్తుందని తోసిపుచ్చాయి, 1878లో నాలుగు సంస్థలు కలిసి దానికి వ్యతిరేకంగా పుస్తకమే వేశాయి. స్కాట్లండ్ వాళ్లు అదే యంత్రాన్ని తీసుకుని, దాని తేలిక విస్కీని తమ మాల్ట్‌తో కలిపి బ్లెండెడ్ స్కాచ్‌ని లోకమంతా అమ్మారు. ఈ స్తంభాల బట్టీ సరుకును విస్కీ అనవచ్చా అన్న తగవు కోర్టుకెక్కి, 1908లో వేసిన రాయల్ కమిషన్ మరుసటి ఏడాది అనవచ్చని తేల్చింది. ఆపైన 1920 నుంచి 1933 దాకా అమెరికా మద్యనిషేధం, స్వాతంత్ర్యం తర్వాత బ్రిటిష్ సామ్రాజ్యపు మార్కెట్ చేజారడం ఐర్లండ్ నడుం విరిచాయి. 1966లో ఐర్లండ్ రిపబ్లిక్‌లో మిగిలిన కంపెనీలు ఒక్కటై, 1975 నుంచి కార్క్ ప్రాంతంలోని మిడిల్టన్‌లో ఒకే చోట దించడం మొదలుపెట్టాయి. మన దగ్గర దొరికే జేమ్సన్ అక్కడిదే, పాట్ స్టిల్ విస్కీకి ధాన్యపు విస్కీ కలిపిన బ్లెండ్. ఒకప్పుడు తాము తిట్టిన యంత్రంతోనే వాళ్లు నిలదొక్కుకున్నారు. డబ్లిన్ వాళ్లది ఉట్టి మొండితనమని చరిత్రకారులు తేలిగ్గా కొట్టిపారేస్తారు గానీ, ఆ మొండితనం లేకపోతే రెడ్‌బ్రెస్ట్ వంటి నికార్సయిన పాట్ స్టిల్ విస్కీ ఈరోజు ఉండేది కాదు.

స్కాచ్ అంటే పొగ వాసన అన్నది ఇంకో స్థిరపడిన అపోహ. బురదనేలల్లో వేల ఏళ్లుగా నాచు, గడ్డి కుళ్లి గట్టిపడిన మట్టిని పీట్ అంటారు. చెట్లూ బొగ్గూ కరువైన దీవుల్లో అదే వంటచెరకు. మొలకెత్తిన బార్లీని ఆ పొగ మీద ఆరబెడితే ఫినాల్ జాతి పదార్థాలు గింజకి పట్టుకుంటాయి. ఐలా దీవి నుంచి వచ్చే లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్‌లలో ఆసుపత్రి అయొడిన్ వాసన తగిలేది వాటివల్లే. రైలొచ్చి బొగ్గు చేరిన స్పేసైడ్ లోయలో పొగ అక్కర్లేకపోయింది. గ్లెన్‌ఫిడిక్, గ్లెన్‌లివెట్‌లలో పళ్లు, తేనె తలపుకొస్తాయి. ఐరిష్‌లో కూడా పొగ పెట్టినవి అరుదు. అందుచేత మొదటిసారి ఐలా సీసా కొని, ముఖం చిట్లించి, స్కాచ్ నాకు పడదని తీర్మానించుకోవడం అన్యాయం.

వయసు చూసే ఎంచుకోకూడదంటే గట్టి అభ్యంతరం వినిపిస్తుంది. పాతదైతే మంచిదని లోకమంతా ఒప్పుకుంటుంటే కాదనడమేమిటని. సీసా మీది అంకె అందులో కలిసిన విస్కీల్లో అన్నిటికన్నా చిన్నదాని వయసు. అది పీపాలో గడిపిన కాలాన్ని చెబుతుంది, ఏ పీపాలో అన్నది చెప్పదు. రుచిలో పెద్ద వాటా పీపాదే. అమెరికాలో బర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్‌లోనే ఉంచాలని చట్టం. ఒక్కసారి వాడిన ఆ పీపాలు చవగ్గా ఓడలెక్కి స్కాట్లండ్, ఐర్లండ్ చేరతాయి. వాటిలో వెనీలా, కొబ్బరి వాసన. స్పెయిన్ షెర్రీ వైన్ ఉన్న పీపాలైతే కిస్‌మిస్, ఎండు ఖర్జూరం. ఎన్నోసార్లు వాడి సారం పోయిన పీపాలో ఇరవై ఏళ్లు ఉంచినా వచ్చేది తక్కువ. మంచి పీపాలో మరీ ఎక్కువ కాలం ఉంచితే కర్ర చేదు గింజ రుచిని మింగేస్తుంది. వాతావరణం లెక్క వేరే ఉంది. స్కాట్లండ్ చలిలో ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతే, బెంగళూరులోని అమృత్ డిస్టిలరీలో 10 శాతానికి పైనే పోతుంది. కర్రతో మాటామంతీ అంత వేగంగా సాగే చోట ఐదేళ్ల విస్కీ పన్నెండేళ్లదానికి తీసిపోదు. అమృత్ 2004లో గ్లాస్గోలో అమ్మకానికి దిగినప్పుడు ఎవరూ నమ్మలేదు గానీ, ఇప్పుడు విస్కీ తెలిసినవాళ్లెవరూ దాన్ని పక్కనపెట్టరు.

తాగే పద్ధతి దగ్గర కొందరు భక్తులు అనవసరంగా భయపెడతారు, నీళ్ల చుక్క కలిపితే అపచారమన్నట్టు. రసాయన శాస్త్రం అలా చెప్పడం లేదు. పొగకి, పరిమళానికి సంబంధించిన గ్వయాకాల్ అనే పదార్థం మీద 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ లెక్కలు వేశారు. ఆల్కహాల్ 45 శాతం దాకా ఉన్నప్పుడు అది ద్రవం పైభాగానికి చేరుతుందని, ఇంకా చిక్కగా ఉంటే లోపలే ఉండిపోతుందని తేలింది. పైకి చేరినదే ముక్కుకి అందేది. మన దేశంలో అమ్మే సీసాల్లో 42.8 శాతం మామూలు. లేబుల్ మీద కనిపించే 75 డిగ్రీల ప్రూఫ్ అన్నా, 25 అండర్ ప్రూఫ్ అన్నా అదే లెక్క. దానికి చెంచాడో రెండో నీళ్లు చాలు. మూతి సన్నబడే చిన్న గ్లాసు, గది వేడిమి, ముందు ముక్కు, తర్వాత నాలుక. హైదరాబాద్ ఎండలకి ఐసు లేకుండా ఎలాగన్న ప్రశ్న సబబైనదే. చల్లదనం వాసనను నొక్కేస్తుంది, కాబట్టి బ్లెండెడ్ స్కాచ్‌నో జేమ్సన్‌నో సోడా ఐసుతో తీసుకోండి, అవి అందుకు తగినవే. నాలుగు రెట్లు ధర పెట్టిన సింగిల్ మాల్ట్‌ని మాత్రం సోడాలో ముంచకండి. కారం దట్టించిన చికెన్ 65 పక్కన కూడా దానికి నోరు ఉండదు; ఉప్పు తక్కువ వేసి వేయించిన జీడిపప్పు, పల్లీలు మేలు.

కొనేటప్పుడు ఈ క్రమం పనికొస్తుంది. మొదట తరగతి చదవండి. తర్వాత ఎక్కడ నింపారో చూడండి: టీచర్స్, బ్లాక్ అండ్ వైట్, వ్యాట్ 69, హండ్రెడ్ పైపర్స్ వంటివి స్కాట్లండ్ నుంచి పెద్ద ఎత్తున తెచ్చి ఇక్కడ సీసాల్లో నింపినవి. అవి స్కాచే, అందులో మోసం లేదు. వాటి ధర తక్కువగా ఉండటానికి కారణం ఇక్కడ నింపడమే. సింగిల్ మాల్ట్‌ని మాత్రం 2012 నుంచి స్కాట్లండ్‌లోనే సీసాకెక్కించాలి. కొత్తవాళ్లు జేమ్సన్‌తో మొదలుపెట్టి, పొగలేని ఒక స్పేసైడ్ మాల్ట్‌కి వెళ్లి, ఆ రెంటికీ తేడా నాలుకకి పట్టుబడ్డాక ఐలా వైపు చూడటం మంచిది. మంకీ షోల్డర్ లాంటి బ్లెండెడ్ మాల్ట్‌లో ధాన్యపు విస్కీ కలవదు కాబట్టి మాల్ట్ స్వభావం తక్కువ ఖర్చుతో తెలుస్తుంది. 2025 జులై 24న సంతకాలైన భారత్-బ్రిటన్ ఒప్పందం ప్రకారం దిగుమతి సుంకం 150 శాతం నుంచి 75కి, పదేళ్లలో 40కి దిగాలి. సీసా ధరలో రాష్ట్ర ఎక్సైజ్ వాటా కూడా పెద్దదే, కాబట్టి షాపులో ధర అంత నిష్పత్తిలో పడిపోతుందని ఆశపడకూడదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది: మద్యం గురించి ఇంత మురిపెంగా రాయవచ్చా? తెలుగునేల ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది, అది 1997లో సడలింది. ఆ ఆడవాళ్ల మాటలో పొల్లు లేదు. ఎంత తక్కువైనా మద్యం ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా ప్రకటించింది. పీపా మంచిదైతే కాలేయానికి మినహాయింపు దొరకదు. తాగనివాళ్లు తాగడం మొదలుపెట్టాలని ఇక్కడ ఒక్క వాక్యమూ చెప్పడం లేదు. తాగేవాళ్ల సంగతే ఇది. ఒక లార్జ్, అంటే 60 మిల్లీలీటర్లలో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మత్తు కోసం తాగేవాడికి ఆ లెక్క అడ్డం, రుచి కోసం తాగేవాడికి స్మాల్‌తోనే గంట గడుస్తుంది. మూడో గ్లాసులో ఏ నాలుకా తేనెకీ వెనీలాకీ తేడా చెప్పలేదు. బండి తాళాలు ఇంట్లోవాళ్ల చేతిలో ఉండాలన్నది చెప్పనక్కర్లేదు, చట్టం అనుమతించే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములే.

ఇలా నెమ్మదిగా తాగితే ఒక సీసా నెలల తరబడి ఉంటుంది, అప్పుడు దాన్ని ఉంచే తీరు కూడా తెలియాలి. విస్కీ సీసాలో ముదరదు. వైన్‌లా పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాని తినేస్తుంది, నిలబెట్టే ఉంచాలి. మే నెల ఎండ పడే షోకేసు కన్నా బీరువాలోని చీకటి అర మంచిది. సగం దాటి ఖాళీ అయితే లోపలి గాలి రుచిని చప్పబరుస్తుంది, అలాంటప్పుడు చిన్న సీసాలోకి నిండుగా మార్చి బిగించాలి, లేదా నలుగురు మిత్రులను పిలిచి వచ్చే వానాకాలం లోపే పూర్తి చేయాలి.