ధర పడినా వదలని పట్టు

2010 సెప్టెంబరులో చైనా, జపాన్ రెండూ తమవనే సెంకాకు దీవుల దగ్గర ఒక చైనా చేపల పడవ జపాన్ తీర రక్షక నౌకలను ఢీకొట్టింది. జపాన్ ఆ పడవ కెప్టెన్‌ను అరెస్టు చేసింది. కొద్ది రోజులకే చైనా నుంచి జపాన్‌కు రావలసిన రేర్ ఎర్త్ అనే లోహ మూలకాల సరుకు రేవుల్లో ఆగిపోయింది. మేం ఏ నిషేధమూ పెట్టలేదని బీజింగ్ అంటూనే ఉంది. అప్పటికి జపాన్ దిగుమతుల్లో 90 శాతం దాకా చైనావే. కెప్టెన్‌ను వదిలేశారు. ఆ తర్వాత జపాన్ చేసిన పని మాత్రం ఓపిగ్గా కూర్చుని చదవదగ్గది. ఆర్థిక భద్రత పేరుతో ఈ పదిహేనేళ్లలో పెద్ద దేశాలు చేసినవాటిలో ఇంత పొందికైన పనితనం నాకు మరొకటి కనబడలేదు.

ఆ ఏడాదే 10,000 కోట్ల యెన్లు కేటాయించి కొత్త గనులకూ, ప్రత్యామ్నాయాల పరిశోధనకూ, వాడకం తగ్గించే యంత్రాలకూ, రీసైక్లింగ్‌కూ పంచారు. అమెరికా, ఐరోపా సమాఖ్యలతో పాటు ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లి 2014లో గెలిచారు కూడా. కానీ అసలు నేర్పు తీర్పులో లేదు, ఒక అప్పులో ఉంది.

2011లో ప్రభుత్వ సంస్థ జోగ్‌మెక్, వర్తక కంపెనీ సోజిట్జ్ కలిసి ఆస్ట్రేలియాకు చెందిన లైనాస్‌కు 25 కోట్ల డాలర్లు సమకూర్చాయి. గని ఆస్ట్రేలియాలోని మౌంట్ వెల్డ్‌లో, శుద్ధి మలేసియాలోని క్వాంటన్‌లో. ఆ ఏడాది ఆకాశాన్నంటిన ధరలు తర్వాత కుప్పకూలాయి. అమెరికాలో ఇదే వ్యాపారం చేసే మాలీకార్ప్ 2015లో దివాలా తీసింది. లైనాస్‌కూ ఊపిరాడలేదు. మామూలు బ్యాంకరైతే తాకట్టు కాగితాలు బయటికి తీసేవాడు. జపాన్ వాళ్లు వడ్డీ తగ్గించారు, గడువు పెంచారు. సరుకు చవగ్గా చైనాలో దొరుకుతున్న రోజుల్లో రెండో అంగడిని బతికించి ఉంచడానికి ఎంత గుండె కావాలి!

ఫ్యాక్టరీల్లో ఇంకో పని జరిగింది. కారు మోటారు వేడికి నియోడిమియం అయస్కాంతం బలం కోల్పోకుండా డిస్ప్రోసియం అనే రేర్ ఎర్త్ లోహాన్ని కలుపుతారు. అదే చైనా చేతిలో ఉన్న అసలు తాళం. డైడో స్టీల్ పొడిని వేడి మీద నొక్కి సాగదీసే పద్ధతిలో అయస్కాంతం లోపలి స్ఫటిక రేణువులను మామూలు వాటికంటే దాదాపు పది రెట్లు సన్నగా చేసింది. రేణువు సన్నబడితే డిస్ప్రోసియం లేకుండానే వేడికి నిలుస్తుంది. హోండా అందుకు తగ్గట్టు మోటారు ఆకారాన్ని మార్చి, 2016లో ఫ్రీడ్ హైబ్రిడ్ కారులో పెట్టింది. దౌత్యవేత్తల చిక్కుముడిలో ఒక పోగును లోహ శాస్త్రజ్ఞులు విప్పారు!

ఈ దారంలో ఒక కొస మన విశాఖపట్నంలోనూ ఉంది. ఒడిశా ఇసుక నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ తీసిన సరుకును టయోటా వర్తక సంస్థ ఇక్కడి ప్లాంటులో శుద్ధి చేసి జపాన్‌కు పంపేది. 2012 నాటి ఆ ఒప్పందాన్ని పక్కనపెట్టి, సరుకును దేశంలోనే ఉంచమని కేంద్రం ఐఆర్ఈఎల్‌కు చెప్పినట్టు 2025లో వార్తలొచ్చాయి. జపాన్ నేర్చిన విద్యనే ఇప్పుడు మనమూ పట్టుకుంటున్నాం. అయితే శుద్ధి చేస్తే సరిపోదు, అయస్కాంతం దాకా వెళ్లాలి.

జపాన్ పని పూర్తయిందని కాదు. చైనా మీద ఆధారపడటం 60 శాతం దరిదాపులకే దిగింది, డిస్ప్రోసియం లాంటి బరువైన వాటిలో పట్టు ఇంకా చైనాదే. 2023లో జోగ్‌మెక్, సోజిట్జ్ మళ్లీ లైనాస్‌లో 20 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు పెట్టాయి, ఈసారి డిస్ప్రోసియం, టెర్బియంల కోసం. 2025 ఏప్రిల్‌లో చైనా ఆ రెండింటితో సహా ఏడింటి ఎగుమతికి లైసెన్సులు తప్పనిసరి చేసింది. మే నెలలో మలేసియాలో లైనాస్ మొదటి విడత డిస్ప్రోసియం ఆక్సైడ్ తీసింది.