గింజల సంచికి వకాల్తా

విజ్ఞానశాస్త్ర వ్యాసానికి సాహిత్య పత్రికలో విమర్శ ఏమిటని అడిగేవారుంటారు. జె.బి.ఎస్. హాల్డేన్ 1964లో ప్రచురించిన ‘గింజల సంచి జన్యుశాస్త్రానికి సమర్థన’ అనే ఇంగ్లీషు వ్యాసం చదివినవారు ఆ మాట అడగరు. వాదన ఎలా రాయాలో అందులో చూడవచ్చు. పైగా అది కేంబ్రిడ్జిలోనో హార్వర్డ్‌లోనో కాదు, భువనేశ్వర్‌లో కాపురముంటూ రాసింది.

వివాదం ఇదీ. డార్విన్ ప్రకృతి వరణాన్నీ, మెండెల్ వంశానుగత సూత్రాలనీ కలిపి లెక్క కట్టినవారు ముగ్గురు: ఫిషర్, సీవాల్ రైట్, హాల్డేన్. న్యూగినీ అడవుల్లో పక్షుల్ని పరిశీలించి వచ్చిన ఎర్నెస్ట్ మాయర్‌కి ఈ ధోరణి నచ్చలేదు. 1959లో ఒకసారి, 1963 నాటి తన పెద్ద పుస్తకంలో మళ్ళీ ఎత్తిపొడిచాడు. సంచిలో రంగు గింజలు వేయడం, తీయడం, పరిణామమంటే ఇంతేనా? ఒక జన్యువు విలువ పక్క జన్యువుల్ని బట్టి మారదా? ఈ లెక్కలవాళ్ళు కొత్తగా చెప్పిందేమిటి?

హాల్డేన్ జవాబు ‘మిత్రుడు’ అంటూనే మొదలై వెంటనే కత్తి దూస్తుంది. ఫిషర్ పోయాడు, రైట్ మరీ సాధువు, కనుక ఈ పని తన నెత్తిన పడిందంటాడు. ఎకసెక్కం వెనక సరుకుంది. ఇంగ్లండులో తెల్లని రెక్కల మీద మిరియాల పొడి చల్లినట్టుండే దీపపు పురుగు ఒకటుంది. మాంచెస్టర్‌లో దాని నల్లరకం 1848లో నమోదైంది. 1895 నాటికి అక్కడ నూటికి 98 నల్లవే. ఆ వేగాన్ని బట్టి హాల్డేన్ 1924లోనే లెక్క తేల్చాడు: తెల్లవాటి సంతానం రెండు మిగిలిన చోట నల్లవాటివి మూడు మిగిలి ఉండాలి. 1950లలో కెటిల్‌వెల్ బర్మింగ్‌హామ్ దగ్గర పురుగులకి గుర్తులు పెట్టి వదిలి, మళ్ళీ పట్టి చూస్తే తేడా నిజంగానే అంత పెద్దదని తేలింది.

నాబోటి కామర్సు చదివినవాడికి ఇది కొరుకుడు పడుతుంది, ఎందుకంటే ఇది చక్రవడ్డీ. తరానికి నూటికి ఒకటి లాభమున్న రకం, అతి సరళమైన లెక్కలో, వెయ్యింట ఒకటిగా మొదలై వెయ్యింట 999 కావడానికి దాదాపు 1400 తరాలు పడుతుంది. నూటికి 50 అయితే 35 చాలు. ‘నెమ్మదిగా’, ‘త్వరగా’ అన్న మాటలు ఈ పని చేయలేవు. హాల్డేన్ గెలిచింది ఇక్కడే. (ఆయనకి సైన్సు డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో పట్టా పుచ్చుకున్నది గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రాల్లో. ఆ వచనం చదివితే తెలుస్తూనే ఉంటుంది.)

అయినా నాకో అసంతృప్తి ఉంది. మాయర్ అడిగింది జన్యువుల పొత్తు గురించి. పురుగు నలుపు ముఖ్యంగా ఒక్క జన్యువు వ్యవహారం. గెలవగల కేసునే వకీలు ముందు పెట్టాడు. పైగా లెక్క ‘ఎంత’ అన్నది చెప్పింది గాని ‘ఎందుకు’ అన్నది చెప్పలేదు. తింటున్నది పక్షులని తెలియడానికి ఎవరో అడవికి పోయి కూర్చోవలసి వచ్చింది. కెటిల్‌వెల్ పద్ధతి మీద ఆక్షేపణలు వస్తే, మజేరస్ 2001లో మొదలుపెట్టి ఆరేళ్ళపాటు కేంబ్రిడ్జిలో 4,864 పురుగులతో మళ్ళీ పరీక్షించాడు. గాలి శుభ్రపడింది కనుక ఈసారి నల్లవే ఎక్కువ బలయ్యాయి. ఆ ఫలితాలు ఆయన పోయాక 2012లో అచ్చయ్యాయి. ఖాతాలో అంకె కుదిరినా గోదాముకి పోయి బస్తాలు లెక్కపెట్టి రావలసిందే. మాయర్ గోదాముకి పోయే మనిషి. ఆ పనికి హాల్డేన్ ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదని నా అభిప్రాయం.

వ్యాసం చివర, ఒరిస్సా ప్రభుత్వం తనకిచ్చిన ఒంటి అంతస్తు ఇంట్లో శేషజీవితం గింజల లెక్కలతోనే గడుపుతానంటాడు. ఆ శేషం ఎంతో లేదు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లోనే పోయాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి అప్పగించారు. ఆయన దగ్గర పనిచేసి, తరవాత ఆయన జీవితం రాసిన ద్రోణంరాజు కృష్ణారావుది పిఠాపురం. మన యానాం పాఠకులకి రెండూ బస్సు దూరమే.

మొత్తం పదిహేడు పుటల వ్యాసం. ఎవరైనా తెలుగు చేస్తే ‘బీన్‌బ్యాగ్’కి నా ‘గింజల సంచి’ కన్నా మంచి మాట వెతకాలి.