ఆరేళ్ళ క్యాంపస్, ఒక్క మామూలు రోజు

కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారాలు 2011లో మొదలయ్యాయి. తెలుగులో మొదటిది వేంపల్లి గంగాధర్ ‘మొలకల పున్నమి’కి, రెండోది 2012లో వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’కి వచ్చాయి. రెండూ కథల పుస్తకాలే. ఇద్దరి పేర్లకు ముందు ఉన్నదీ ఒకే ఊరు. పులివెందుల పక్కన ఒక చిన్న టౌను వరసగా రెండేళ్ళు తెలుగు కథకి గుర్తింపు తెచ్చిపెట్టిందన్నమాట. సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే మండలంలో, ఇడుపులపాయ కొండల మధ్య కొన్ని వేల మంది టీనేజీ పిల్లలు హాస్టళ్ళలో ఉంటూ చదువుకుంటున్నారు. వేంపల్లె మనకి కథల్లో తెలుసు. ఇడుపులపాయ క్యాంపస్ మాత్రం వార్తల్లో తెలిసినంతగా కథల్లో తెలీదు. ఈ తేడా ఎక్కణ్ణించి వచ్చిందన్నదే ఈ వ్యాసం.

ముందు ఆ విశ్వవిద్యాలయం గురించి నాలుగు మాటలు. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో చట్టం ద్వారా ఏర్పడింది. జనం నోట్లో అది ఎప్పుడూ ట్రిపుల్ ఐటీనే. బాసర, నూజివీడు, ఇడుపులపాయ అని మూడు క్యాంపస్‌లు. ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి మొదటి ఛాన్సలర్. పదో తరగతి మార్కుల్ని బట్టి, పల్లెటూరి పిల్లలకి అవకాశం దక్కేలా సీట్లు ఇచ్చారు. రెండేళ్ళు పీయూసీ, నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు అక్కడే. చేతికో లాప్‌టాప్. తొలి రోజుల్లో చాలా పాఠాలు తెర మీద వీడియోలుగానే వచ్చేవి. గ్రేడ్లు వచ్చాక, సర్కారు బడుల్లో చదివిన పిల్లల సగటుకి 0.4 కలిపే పద్ధతి పెట్టారు. నాలాంటి ఇంజనీరుకి ఆ 0.4 భలే ఆసక్తికరంగా ఉంటుంది. ఒక పిల్లకి బడిలో, ఇంట్లో దొరకనివన్నీ కలిపి ఒక దశాంశ స్థానంలోకి కుదించారు. ఆ అంకెని మళ్ళీ విప్పి చెప్పాల్సిన పని కథది.

తెలుగులో కాలేజీ అనగానే మన బుర్రలోకి వచ్చేది ఎక్కువగా సినిమానే. ‘శివ’ (1989)లో కాలేజీ రౌడీయిజానికి అడ్డా. ‘హ్యాపీ డేస్’ (2007)లో అది స్నేహానికీ ప్రేమకీ అడ్డా. ఒకదాన్ని చూసి భయపడ్డాం, రెండోదాన్ని చూసి కుళ్ళుకున్నాం. పైకి ఎంత తేడాగా ఉన్నా రెండిట్లోనూ కాలేజీ చుట్టూ ఒక నగరం ఉంటుంది. బండి మీద తిరిగే వయసు ఉంటుంది. క్లాసు ఎగ్గొడితే వెళ్ళడానికి ఒక చోటు ఉంటుంది. ‘హ్యాపీ డేస్’ వచ్చిన మరుసటి ఏడాదే ఇడుపులపాయలో తొలి బ్యాచ్ చేరింది. కాలేజీ అంటే ఆ సినిమా అనుకుని పెట్టె సర్దుకున్న పిల్లలు వాళ్ళలో ఎంతమందో! తీరా వచ్చి చూస్తే చుట్టూ కొండలు. గేటు దాటాలంటే అనుమతి కావాలి. దగ్గర్లో టౌనంటే వేంపల్లె. చేరేనాటికి వయసు పదిహేనో పదహారో. ఇంటి మీద బెంగ పెట్టుకునే వయసది. ఆ వయసుకి మన కాలేజీ సినిమాల్లో చోటు లేదు.

సీమ కథ దగ్గరికొస్తే అక్కడ ఇంకో అచ్చు ఉంది. సీమ అంటే కరువు, ఫ్యాక్షన్, వలస. ఈ అచ్చు అబద్ధమని నేననను. కేతు విశ్వనాథరెడ్డి నుంచి గంగాధర్ దాకా గొప్ప కథలు కరువు నేల మీంచే వచ్చాయి. కాకపోతే ఆ కథల్లో చదువు సాధారణంగా ఊరు విడిచి వెళ్ళే దారి. కొడుకు బస్సెక్కుతాడు, కథ ఊళ్ళోనే ఉండిపోతుంది. ఇడుపులపాయలో బస్సు దిగిన పిల్ల ఏ నగరానికీ చేరలేదు. ఇంకో పల్లెకే వచ్చింది. కానీ అది తన పల్లె కాదు. కాలేజీ కథ అచ్చులో పట్టదు, సీమ కథ అచ్చులోనూ పట్టదు.

మరి ఈ పిల్లల గురించి రాసేది ఎవరు? పేపర్లు. అవి రెండు రకాలుగా రాస్తాయి. మొదటిది విజయగాథ. కూలికి పోయే తల్లితో మొదలవుతుంది, జీతం అంకెతో ముగుస్తుంది. మధ్యలో ఆరేళ్ళు ఒక కామాలో అయిపోతాయి. రెండోది కష్టం వార్త. భోజనం బాగాలేదని, నీళ్ళు లేవని, పిల్లలు రోడ్డెక్కారని. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు ఎండకీ వానకీ కదలకుండా రోజుల తరబడి బయట కూర్చున్నప్పుడు రాష్ట్రమంతా అటు చూసింది. రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలన్నది కూడా వాళ్ళ కోరికల్లో ఒకటి. ఈ రెండు రకాల వార్తలూ అవసరమే. రెండిట్లోనూ పిల్లలు గుంపుగానో ఉదాహరణగానో ఉంటారు. ఏమీ జరగని ఒక మంగళవారం ఆ హాస్టల్ గదిలో ఒక మనిషి ఏమాలోచిస్తోందో ఏ పేపరుకీ అక్కర్లేదు. అది అక్కరగా ఉండాల్సింది సాహిత్యానికి.

తెలుగులో ఆ పని ఎప్పుడో జరిగింది. నవీన్ ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే పల్లెటూరి కుర్రాడి ఒక్క రోజు, నిద్ర లేచినప్పట్నుంచి రాత్రి దాకా. సంఘటనలు తక్కువ. చేతిలో లేని డబ్బు, మీదికొస్తున్న పరీక్షలు, కోరిక, సిగ్గు, ఇంటి గురించిన అపరాధ భావన, ఇవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. చైతన్య స్రవంతి అనే పద్ధతి గురించి మన విమర్శకులు చాలా రాశారు. నాకు పద్ధతి కంటే దాని వెనకున్న తెగింపు ముఖ్యమనిపిస్తుంది. పేద రైతు కొడుకు ఏమీ సాధించని ఒక మామూలు రోజుకి ఒక పూర్తి నవల ఇవ్వొచ్చని నవీన్ నమ్మాడు. అప్పటికి ఆయనకి ముప్పై నిండలేదు. ఆ నవల పేరే ఆయన ఇంటిపేరైపోయింది.

అమెరికాలో ఇలాంటిదే ఇంకో పుస్తకం ఉంది, జాన్ విలియమ్స్ ‘స్టోనర్’ (1965). మిస్సోరి రాష్ట్ర విశ్వవిద్యాలయానికి వ్యవసాయం చదవడానికి వచ్చిన రైతు కొడుకు సాహిత్యంలో పడి అక్కడే ఉండిపోతాడు. పట్టా తీసుకునే రోజు అమ్మానాన్నా వస్తారు. తిరిగి పొలానికి రానని వాళ్ళకి చెప్పాలి. ఎవరూ అరవరు, ఏడ్చి గోల చెయ్యరు. చదువు ఒక ఇంట్లో ఏం తెంపుతుందో ఆ కొద్ది పేజీల్లో అర్థమైపోతుంది. ఈ పుస్తకం వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దశాబ్దాల తర్వాత ప్రపంచమంతా చదివింది. మామూలు మనిషి, మామూలు యూనివర్సిటీ, అంతే సరుకు.

ఈ లెక్కన ఇడుపులపాయలో ఉన్న సరుకు చూడండి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. రెండు రోజుల తర్వాత, సెప్టెంబరు 4న, అంత్యక్రియలు ఇడుపులపాయలోనే. తమని అక్కడికి చేర్చిన ప్రభుత్వానికి పెద్ద అయిన మనిషిని, తాము చదివే చోటికి దగ్గర్లోనే మట్టిలో కలపడం పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళకి ఎలా అనిపించి ఉంటుంది? దుఃఖమా, భయమా, మన బడి ఉంటుందా పోతుందా అనే లెక్కా? ఇంకోటి. 2008లో చేరిన తొలి బ్యాచ్‌కి ఆరేళ్ళు నిండేది 2014లో. ఒక రాష్ట్రంలో చేరి, రెండు రాష్ట్రాలయ్యే వేళకి బయటపడ్డారు. బాసర తెలంగాణకి వెళ్ళింది. తర్వాత 2016లో ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు ప్రకటిస్తే, ఒంగోలు పేరుతో చేరిన పిల్లలు చదివింది ఇడుపులపాయలోనే. చిరునామా ఒకటి, ఉన్న చోటు ఇంకొకటి. దీనికంటే ఏ నవలాకారుడికైనా ఇంకేం కావాలి?

అయితే పెద్ద సంఘటనల కంటే నన్ను ఎక్కువ లాగేది భాష. నిన్నటి దాకా తెలుగు మీడియం. ఇవాళ తెర మీద ఇంగ్లిష్‌లో ఫిజిక్స్. అర్థం కాలేదని చెప్పడానికి తెరకి చెవులుండవు. పక్కనున్న పిల్లని అడగాలి. ఆ అమ్మాయి యాస వేరు. ఇంటికి ఫోన్ చేస్తే మళ్ళీ పాత యాసలోకి రావాలి. రోజుకి మూడు భాషల మధ్య తిరిగే ఆ తలకాయ లోపలి చప్పుడే అసలైన చైతన్య స్రవంతి. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మనం కూడా చేసేదదే కాబట్టి, ఈ కథ మన కథ కూడా.

ఇక్కడ ‘అంపశయ్య’తో ఒక పేచీ కూడా ఉంది. అందులో అమ్మాయిలు దాదాపుగా రవి చూపులోంచే మనకి కనిపిస్తారు. ఇటీవలి ఏళ్ళలో ట్రిపుల్ ఐటీ ఎంపిక జాబితాల్లో అమ్మాయిలే ఎక్కువ. పదో తరగతి అయ్యాక పెళ్ళి మాట ఎత్తే ఇళ్ళు ఇంకా ఉన్న చోట, ఆరేళ్ళ హాస్టల్ ఒక ఆడపిల్లకి చదువొక్కటే ఇవ్వదు, గడువు కూడా ఇస్తుంది. ఆ గడువులో ఆమె ఏం కోరుకుంది, దేనికి భయపడింది, ఎవర్ని ప్రేమించింది? రవి నడిచిన దారిలో నవల రాస్తే ఇది దొరకదు. కొత్త నవలకి ఆమే కళ్ళు కావాలి.

ఉద్యోగం, ఈఎంఐలు, తమ్ముడి చదువు, వీటి మధ్య కథలెక్కడ రాస్తారని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికంటే పెద్ద అడ్డు ఇంకోటి ఉందనుకుంటాను. ఉచితంగా చదువుకున్నవాళ్ళ నుంచి సమాజం కృతజ్ఞత ఆశిస్తుంది. విజయగాథ ఆ కృతజ్ఞతకి రసీదు. నాకు అక్కడ బెంగగా ఉండేది, విసుగ్గా ఉండేది, నేను మామూలుగా పాసయ్యాను అని రాస్తే అది అప్పు ఎగ్గొట్టినట్టు కనిపిస్తుంది. అసలు చదువు అప్పెలా అవుతుంది? హక్కుగా వచ్చిన దాని గురించి మనిషి సణగొచ్చు, నవ్వొచ్చు, ప్రేమించొచ్చు, మర్చిపోవచ్చు కూడా.

తొలి బ్యాచ్ వాళ్ళకి ఇప్పుడు ముప్పై దాటాయి. నవీన్ ‘అంపశయ్య’ ప్రచురించిన వయసు దాటేశారు. పోటీ ఏం లేదు, తొందరా లేదు. కానీ మెస్ దగ్గర లైను ఎంత పొడుగుండేదో, ఆ లైన్లో నిలబడి ఎవరు ఏం మాట్లాడుకునేవాళ్ళో గుర్తున్నవాళ్ళు రాయకపోతే, ఆ ఆరేళ్ళూ పేపరు రాసిన కామాలోనే ఉండిపోతాయి.