తొలిచూపులో పరాయిదేశం: ‘బారిస్టర్ పార్వతీశం’ కథనదృష్టి

ఉపోద్ఘాతం

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ నవల మొదటి భాగం 1924లో వెలువడింది. తెలుగు హాస్య నవలల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చిలకమర్తి ‘గణపతి’తో పాటు ఈ నవలను స్మరించడం ఆనవాయితీ. పార్వతీశం అమాయకత్వమే ఇందులోని హాస్యానికి మూలమన్న అభిప్రాయం బోధనలో స్థిరపడింది. ఆ అభిప్రాయంలో సత్యం ఉన్నా, అది నవలను పల్లెటూరి యువకుని పొరపాట్ల పట్టికగా కుదిస్తుంది. చదువు కోసం కొత్త దేశానికి వెళ్లిన విద్యార్థి తొలి అనుభవాల కథనంగా దీనిని పరిశీలిస్తే, హాస్యం నిర్వహించే పని మరొకటి కనిపిస్తుంది. లోకాన్ని చూడబోయినవాడు లోకానికి వింతగా మారడం, అయినా కథ చెప్పే అధికారాన్ని వదులుకోకపోవడం ఈ నవలకు కేంద్రం. ఈ వ్యాసం ఆ అంశాన్ని వివేచిస్తుంది.

ప్రయాణానికి నేపథ్యం

పార్వతీశం స్వగ్రామం మొగల్తూరు. చదివింది నరసాపురం టేలర్ హైస్కూలులో. నరసాపురం తాలూకా 1904లో కృష్ణా జిల్లాలో చేరింది; 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేవరకు అందులోనే ఉంది. కనుక నవల వెలువడేనాటికి మొగల్తూరు పాలనాపరంగా కృష్ణా జిల్లాలోని ఊరే. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల కింద సాగైన మాగాణి ఈ రెండు నదుల డెల్టాలలోని కొన్ని కుటుంబాలకు మిగులు ఆదాయాన్ని ఇచ్చింది. కాలువలు పడవ ప్రయాణానికి దారులయ్యాయి. బెజవాడ వద్ద కృష్ణపై రైలు వంతెన 1893లోను, అక్కడినుంచి మద్రాసుకు నేరుగా రైలుమార్గం 1899లోను అందుబాటులోకి వచ్చాయి. మొగల్తూరు కుర్రవాడు సీమకు వెళ్లాలని తలచడం వెనుక ఈ సాగునీరు, ఈ రాకపోకల వసతి ఉన్నాయి.

అటువంటి చదువులకు చారిత్రక సాక్ష్యాలూ లేకపోలేదు. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివారు. ఆనంద కుమారస్వామితో కలిసి ‘అభినయదర్పణం’ను ఆంగ్లీకరించారు, ఆ గ్రంథం 1917లో వెలువడింది. తరువాత చీరాల-పేరాల ఉద్యమ నాయకుడిగా ఆయన చరిత్రకెక్కారు. అటువంటివారి పట్టాలను, పదవులను, త్యాగాలను చరిత్ర నమోదు చేస్తుంది. పరాయి ఊరిలో మొదటి వారం ఏం తినాలో, ఎలా కూర్చోవాలో తెలియని స్థితి చరిత్రకు చిన్న విషయం. మొక్కపాటి దానినే నవలకు వస్తువుగా స్వీకరించారు.

చూసేవాడు – చూడబడేవాడు

తెలుగు యాత్రాసాహిత్యానికి ఆద్యమైన ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’లో (యాత్ర 1830–31, ముద్రణ 1838) యాత్రికుడు పరిశీలకుడు. మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగిగా, పెద్ద పరివారంతో వెళ్లిన ఆయన ఊళ్లను, బాటలను, ఆచారాలను వివరిస్తారు. ఆయన చూపుకు ఒక స్థానబలం ఉంది. పార్వతీశానికి అది లేదు. ఇంట్లో చెప్పకుండా బయలుదేరిన ఈ యువకుని చూసి రైలులోని తోటివారు, హోటలు పనివారు, ఓడలోని ప్రయాణికులు ఆశ్చర్యపడతారు. అతడు కొన్న టోపీ స్త్రీలు ధరించేదని తెలియడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. టోపీ అతని దృష్టిలో దొరతనానికి గుర్తు. చూసేవారికి నవ్వుకు కారణం. ఒక వస్తువుకు కొన్నవాడు ఇచ్చే అర్థం ఒకటి, సమాజం ఇచ్చే అర్థం వేరొకటి. కొత్తగా వచ్చినవాడు ఆ రెండో అర్థాన్ని అవమానం ద్వారా తప్ప నేర్చుకోలేడు.

ఈ అనుభవం ఇంగ్లండులో ప్రారంభం కాకపోవడం గమనార్హం. మొగల్తూరు దాటి మద్రాసు చేరేసరికే పార్వతీశం పరాయివాడయ్యాడు. తూత్తుకుడి, కొలంబో, మార్సేల్స్, లండన్, ఎడింబరో – ప్రతి మజిలీలోను ఆ పరాయితనం పెరుగుతుందే గాని కొత్తగా పుట్టదు. పరాయితనాన్ని సముద్రపు దూరంతో కాక మర్యాదల తేడాతో కొలవడం ఈ నవల చేసిన ముఖ్యమైన పరిశీలన. పల్లెకు, పట్నానికి మధ్య ఉన్న అగాధాన్ని ఇది సీమ ప్రయాణం నెపంతో చూపిస్తుంది.

భోజనపు బల్ల

కత్తి, ముల్లుగరిటెలతో తినడంలో పార్వతీశం పడే ఇబ్బందులను కేవలం ప్రహసనంగా భావించరాదు. ఆనాడు లండన్ న్యాయవిద్యాలయాలలో బారిస్టరు కాగోరే విద్యార్థి పరీక్షలతో పాటు నియమిత సంఖ్యలో విందులకు హాజరు కావలసి ఉండేది. అంటే భోజనపు బల్ల దగ్గర కూర్చోవడం కూడా అర్హతలో భాగమే. గాంధీ ఆత్మకథ ఈ విందుల పద్ధతిని వివరిస్తుంది. 1888లో ఓడలో కత్తి, ముల్లుగరిటెల వాడకం తెలియక గదిలోనే తినడం, తెల్ల ఫ్లానెల్ దుస్తులతో దిగి సిగ్గుపడటం, డాక్టర్ మెహతా టోపీని తాకి తప్పుచేయడం కూడా అందులో ఉన్నాయి. ఆ ఆత్మకథ ధారావాహికగా 1925లో మొదలైంది. పార్వతీశం కథ అంతకు ముందరిది. కనుక ఇది అనుకరణ ఫలితం కాదు, ఒకే సామాజిక స్థితి రెండుచోట్ల ఒకే రకమైన ఘట్టాలను పుట్టించింది. వాటి ముగింపులు మాత్రం భిన్నమైనవి. గాంధీ కథనంలో ప్రతి పొరపాటూ ఒక పాఠానికి దారితీస్తుంది. పార్వతీశం పొరపాటు తరువాతి పొరపాటుకు దారితీస్తుంది.

భాష అనే కొలమానం

తనను తాను నవ్వులపాలు చేసుకునే ఈ కథనం వలస పాలితుని ఆత్మన్యూనత కాదా అన్న ప్రశ్న సహేతుకమే. దానికి సమాధానం భాషలో ఉంది. కథకుడు అనుభవాలన్నీ గడచిన తరువాత, ఉత్తమ పురుషలో, డెల్టా పలుకుబడి గల వ్యావహారికంలో చెబుతున్నాడు. మనిషి ఎడింబరోలో ఉన్నా వాక్యం మొగల్తూరులోనే ఉంది. తెల్లవారితో జరిగే సంభాషణలూ అధికభాగం తెలుగులోనే సాగుతాయి. అనుభవించే పార్వతీశం తడబడతాడు. చెప్పే పార్వతీశం ఎక్కడా తడబడడు. ఎప్పుడు నవ్వాలో, ఎంత నవ్వాలో నిర్ణయించేది ఇతడే. న్యూనతాభావం గలవాడు దాచిపెట్టే విషయాలను ఇతడు ధీమాగా బయటపెడతాడు. తన ఊరి గొప్పను చెప్పుకొనే తీరులో అతిశయోక్తి ఉన్నా, లోకాన్ని కొలవడానికి అతనికి గల కొలబద్ద ఆ ఊరే.

ఈ కొలబద్దకు పరిమితులు ఉన్నాయి. నవలలోని మొగల్తూరు ప్రధానంగా బ్రాహ్మణ గృహస్థుల మొగల్తూరు. ప్రయాణపు ఖర్చును సమకూర్చిన మాగాణిలో శ్రమించినవారి చూపు ఇందులో లేదు. స్త్రీల టోపీ ఘట్టంలోని హాస్యం పురుషాహంకారంపై ఆధారపడింది. సీమ చదువు అనే కల ఎవరికి సాధ్యమైంది అన్న ప్రశ్న నవల పరిధికి వెలుపలే ఉండిపోయింది. నవలను అభిమానించే విమర్శ కూడా ఈ లోటును గుర్తించవలసి ఉంది.

ముగింపు

నేడు విజయవాడ బెంజ్ సర్కిల్ పరిసరాలలోని విదేశీ విద్యా సలహా కేంద్రాలు ఏటా ఎందరో విద్యార్థులను పంపుతున్నాయి. చేరబోయే ఊరి వీధిని, వసతిగృహాన్ని వారు ముందే తెరపై చూస్తున్నారు. అయినా తాము ఇతరులకు ఎలా కనిపిస్తామో ఏ తెరా ముందుగా చూపదు. ఆ అనుభవంలో పార్వతీశం వారికి సమీపబంధువు. ప్రవాస తెలుగు కథను పరిశోధించేవారు దాని పూర్వరంగంగా ఈ నవలను స్వీకరించవలసి ఉంది. పాఠ్యప్రణాళికలలో మొదటి భాగంలోని కొన్ని హాస్య ఘట్టాలకే పరిమితం కాకుండా, స్వదేశానికి తిరిగివచ్చి జాతీయోద్యమ వాతావరణంలో నిలిచిన పార్వతీశాన్ని చూపే మూడవ భాగంతో కలిపి బోధించడం అవసరం. అప్పుడే ఓడలో నవ్వులపాలైన యువకునికి, స్వదేశంలో నిలదొక్కుకున్న న్యాయవాదికి మధ్య గల సంబంధం విద్యార్థులకు బోధపడుతుంది.