రోమన్ అధికారులకు తొలి క్రైస్తవుల సంజాయిషీలు

గ్రీకు మాట 'అపొలోగియా'ను 'క్షమాపణ' అని అనువదిస్తే తొలి క్రైస్తవ రచయితలకు అన్యాయం జరుగుతుంది. ముద్దాయి న్యాయస్థానంలో తన పక్షాన ఇచ్చుకునే జవాబు అది. మన కచేరీ భాషలో సంజాయిషీ. అయితే వీరిది ఎవరూ అడగకుండానే ఇచ్చిన సంజాయిషీ.

సుమారు క్రీ.శ. 155లో చక్రవర్తి ఆంటొనైనస్ పయస్‌ను ఉద్దేశించి రాసిన జస్టిన్ నేటి నాబ్లస్ ప్రాంతీయుడు. క్రైస్తవుడన్న పేరునుబట్టి కాక, చేసిన నేరాన్నిబట్టి శిక్షించమని అతని కోరిక. కోరిక న్యాయమైనదే. కాని గ్రంథంలో చాలా భాగం ప్రవక్తల భవిష్యవాణికీ, దయ్యాల మోసాలకూ పోయింది. ఆ ప్రవక్తలనే నమ్మని రోమన్ అధికారికి అవి సాక్ష్యాలెలా అవుతాయి? సుమారు 165లో జస్టిన్‌కు రోములోనే మరణశిక్ష పడింది.

197లో కార్తేజ్‌లో రాసిన టెర్టులియన్ చట్టం తెలిసినవాడిలా వాదిస్తాడు. అంతకు ఎనభై అయిదేళ్ల క్రితం, సుమారు 112లో, బితీనియా పాలకుడు ప్లీనీ క్రైస్తవులను ఏం చేయాలని అడిగితే ట్రాజన్ చక్రవర్తి ఇచ్చిన జవాబు ఇది: వెతికి పట్టుకోవద్దు, ఎవరైనా పట్టి తెచ్చి నేరం రుజువు చేస్తే శిక్షించండి. టెర్టులియన్ ఈ ఉత్తర్వునే పట్టుకున్నాడు. దోషులైతే వెతకరెందుకు? నిర్దోషులైతే శిక్షిస్తారెందుకు? ఇతర నేరస్థులను ఒప్పుకొమ్మని హింసిస్తారు, క్రైస్తవులను మాత్రం కాదనమని హింసిస్తారు! దీనికి ఏ న్యాయాధికారి దగ్గరా జవాబు లేదు.

అంత పదునైన వాదాన్ని అతని ఎగతాళి పాడుచేసింది. ఎవరి దయ కావాలో వారి దేవతలనే పేజీల కొద్దీ వెక్కిరిస్తే అది విన్నపం ఎలా అవుతుంది? అసలు అతను స్వమతస్థుల ధైర్యం కోసమే రాశాడేమోననిపిస్తుంది.

సుమారు 212లో ఆఫ్రికా రాష్ట్రపాలకుడు స్కాపులాకు అతను రాసిన చిన్న లేఖ ఇంతకంటే విలువైనది. నమ్మినదాన్ని ఆరాధించడం ప్రతి మనిషికీ సహజమైన హక్కు, మతాన్ని బలవంతంగా రుద్దడం మతం పని కాదు అంటాడు అందులో. ఈ మాట క్రైస్తవులకు మాత్రమే పరిమితం కాదు.

384 నాటికి అధికారం చేతులు మారింది. సెనేటు భవనం నుంచి తొలగించిన విజయదేవత బలిపీఠాన్ని తిరిగి నిలపమని పాత మతస్థుడైన రోము నగరాధికారి సిమ్మాకస్ క్రైస్తవ చక్రవర్తి రెండవ వాలెంటీనియన్‌కు విన్నపం పంపాడు. అంతటి రహస్యాన్ని చేరడానికి ఒక్కటే దారి చాలదని అతని వాదం. మిలాన్ బిషప్ ఆంబ్రోస్ గట్టిగా అడ్డుపడ్డాడు. విన్నపాన్ని తోసిపుచ్చారు.